చాయ, కళ, కాయ: చర్మగుణ నిర్ణయంలో తెలుగు మాటల చరిత్ర

సికింద్రాబాదు రైల్వేస్టేషనుకు రెండు ముఖాలు. వాటిలో ఒకటి బోయిగూడ వైపు తెరుచుకుంటుంది. కలప అడితీలు, పాత సామాను గోదాములు, బరువులెత్తే మనుషులు ఉన్న పేట అది. బోయీలు పల్లకీ మోసేవారు. వేటను వృత్తిగా గల బోయలతో వీరిని కలపరాదు. ఆ పక్కనే కవాడిగూడ ఉంది. కావడి భుజాన మోసేది గదా. పేర్లనుబట్టి చూస్తే ఈ రెండు పేటలూ మనిషి భుజం మీది బరువును నేటికీ తలపిస్తున్నవే. పల్లకీ కర్ర ఒరుసుకొని ఒరుసుకొని బోయీ భుజాన కాయ కాచేది. కొత్తవాడి భుజం తోలు లేచి పుండు పడేది. కాయ కాచిన భుజమే మోతకు పనికివచ్చే భుజం. అక్కడ చర్మపు గరుకుదనం లోపం కాదు, యోగ్యత.

ఈ చిన్న విషయాన్ని ముందుగా ప్రస్తావించడానికి కారణం ఉంది. 2021లో సౌందర్య చర్మవైద్య నిపుణుల అంతర్జాతీయ బృందం ఒకటి ‘చర్మగుణం’ అనే భావనను నాలుగు గ్రాహ్యాంశాలుగా విభజించి నిర్వచించింది. రంగులో సమత్వం, ఉపరితలంలో సమత్వం, బిగువు, నిగారింపు అనేవి ఆ నాలుగు. ఏ జాతివారికైనా, ఏ చర్మవర్ణంవారికైనా వర్తించాలన్నది ఆ నిర్వచనకర్తల ఆశయం. ఆశయం మంచిదే. అయితే ఈ కొలమానం ప్రకారం బోయీ భుజానికి రెండవ అంశంలో మార్కులు రావు. చర్మాన్ని ఎవరు, దేనికోసం, ఏ ఇంద్రియంతో పరీక్షిస్తున్నారన్న ప్రశ్నను బట్టి దాని ‘గుణం’ మారుతుంది. ఈ మార్పు చరిత్రను తెలుగు మాటల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. ఇది కేవలం పదచర్చ కాదు. నేడు చర్మ చికిత్సకు వచ్చే తెలుగు రోగిని అడిగే ప్రశ్నలు, అతడు సంతకం చేసే అంగీకారపత్రాలు చాలావరకు అనువాదాలే. ఆ అనువాదంలో మాట తప్పితే మచ్చ మిగులుతుంది.

దేహాన్ని కప్పిన పొరకు తెలుగులో ప్రధానంగా మూడు మాటలున్నాయి: తోలు, చర్మం, మేను. తోలు అచ్చమైన ద్రావిడపదం. తమిళంలో నేటికీ మనిషి చర్మానికి నిస్సంకోచంగా వాడే మాట అదే. తెలుగులో మాత్రం దాని స్థానం దిగజారింది. పశువు తోలు, అరటిపండు తోలు, కోపం వస్తే ‘తోలు తీస్తాను’, సిగ్గులేనివాడు ‘తోలుమందం మనిషి’. మనిషి విషయంలో గౌరవంగా మాట్లాడవలసి వచ్చినప్పుడు సంస్కృతం నుండి వచ్చిన చర్మం ముందుకు వస్తుంది. కృతజ్ఞత చెప్పేటప్పుడు కూడా చర్మం ఒలిచి చెప్పులు కుట్టిస్తామంటామే తప్ప తోలు ఒలిచి అనము. చెప్పులు తోలుతోనే కుడతారన్నది వేరే విషయం. మేను నిజానికి దేహమంతటికీ పేరు. కాని ‘మేనిచాయ’, ‘మేనిమెరుపు’ అన్నప్పుడు అది చర్మం మీదికి జారుతుంది. కావ్యభాషలో నాయిక చర్మానికి చోటు లేదు, మేనుకే చోటు. చర్మం వైద్యుడిది, తోలు చెప్పులు కుట్టేవాడిది, మేను కవిది అని పంచుకున్నట్లుంది ఈ వ్యవస్థ. సౌందర్య వైద్యం ఈ మూడింటి నడుమ నిలబడిన శాస్త్రం కావడం వల్లనే దానికి తెలుగులో స్థిరమైన పరిభాష కుదరలేదని నా అభిప్రాయం.

రంగును చెప్పే మాటలు మరింత ఆసక్తికరమైనవి. తెలుగువాడు అందమైన మేనిని తెల్లనిది అనడు. ‘ఎర్రగా బుర్రగా ఉన్నాడు’, ‘పిల్ల ఎర్రగా ఉంటుంది’, ‘పచ్చని మేనిచాయ’, ‘పసిమి’ అంటాడు. ఎరుపు రక్తపుష్టికి, పసిమి బంగారానికి సంకేతాలు. ‘తెల్లగా పాలిపోయాడు’ అంటే మాత్రం జబ్బు చేసిందని అర్థం. అంటే లేతవర్ణాన్ని మెచ్చుకొనే వివక్ష మన భాషలో లేదని కాదు, నిండుగా ఉంది. కాని ఆ మెప్పు తెలుపు అనే పేరుతో లేదు. ‘నలుపు నారాయణ మెచ్చు’ అనే సామెతను కొందరు నల్లనివారి పక్షాన సాక్ష్యంగా చూపుతారు. మెచ్చేవాడు ఒకడుండాలని చెప్పవలసి రావడమే అది ఓదార్పు మాట అని తెలుపుతున్నది. చామనచాయ ఈ రెండింటికీ మధ్యది. వివాహ ప్రకటనలలో ఈ మాట ఎంత జాగ్రత్తగా వాడబడుతుందో పాఠకులు ఎరుగుదురు.

చాయ అన్నది సంస్కృత ఛాయాశబ్దపు తద్భవం. నీడ, ప్రతిబింబం, రంగు అనే అర్థాలన్నీ దానికి ఉన్నాయి. వంటింట్లో పొట్టు తీసిన పప్పును చాయపప్పు అంటాము. ఆ మాటకూ ఈ మాటకూ ఉన్న సంబంధం ఏమైనా, పైతోలు తీసివేస్తే కనిపించేదానిని చాయ అనడం తెలుగు చెవికి ఎబ్బెట్టుగా లేదన్నది గమనార్హం. వన్నె మరొకటి. వర్ణశబ్దం నుండి వచ్చిన ఈ మాట బంగారపు స్వచ్ఛతకు కొలత కూడా. పదహారు వన్నెల బంగారమంటే మేలిమి. కంసాలి గీటురాయి మీద గీసి వన్నె కడతాడు. అలాగే నాణ్యత అనే మాట నాణెంతో ముడిపడినది. అది సొమ్ము అసలుదా నకిలీదా అని తేల్చే షరాబు పరీక్షలో పుట్టిన భావన. నేడు ప్రకటనలలోనూ ఆరోగ్య శీర్షికలలోనూ వినిపించే ‘చర్మ నాణ్యత’ అనే సమాసం నాకు రుచించకపోవడానికి ఇదే కారణం. నాణ్యత అనగానే సరుకు, సరుకు అనగానే బేరం గుర్తుకు వస్తాయి. ఆ సమాసాన్ని తోళ్ళ వ్యాపారికి వదలి, వైద్యంలో ‘చర్మగుణం’ అని వ్యవహరించడం మేలు. గుణం ఒకటి కాదు, పలు గుణాలుంటాయి. ఒక గుణం తగ్గినంత మాత్రాన వస్తువు చెడ్డది కానక్కరలేదు.

గుణశబ్దానికి వైద్యంలో పాత ఆధారమూ ఉంది. సుశ్రుతుడు శారీరస్థానంలో చర్మానికి ఏడు పొరలు చెప్పాడు: అవభాసిని, లోహిత, శ్వేత, తామ్ర, వేదిని, రోహిణి, మాంసధర. కాగే పాల మీద మీగడ కట్టినట్లు అవి ఏర్పడతాయని ఉపమానం చెప్పి, ఒక్కొక్క పొర మందాన్ని వడ్లగింజతో పోల్చి కొలిచాడు. అవభాసిని గింజలో 18వ వంతు, మాంసధర రెండు గింజలంత. ఏ పొరలో ఏ వ్యాధి పుడుతుందో కూడా చెప్పాడు. మన ఇళ్ళలో మంగు అనే వ్యంగం రెండవ పొరది. కిలాసం, కుష్ఠం నాల్గవది. చరకుడు పొరలు ఆరే అన్నాడు గాని చర్మపరీక్షలో అతడు చేసిన విభాగం ఇంకా సూక్ష్మమైనది. ఇంద్రియస్థానంలో వర్ణం, ఛాయ, ప్రభ అనే మూడింటిని అతడు వేరుచేశాడు. ఛాయ వర్ణాన్ని ఆక్రమిస్తుంది, ప్రభ దానిని వెలిగిస్తుంది. ఛాయ దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది, ప్రభ దూరానికి కూడా ప్రకాశిస్తుంది. ఛాయలు పంచభూతాలనుబట్టి ఐదు, ప్రభలు ఏడు. ఆ ఏడింటిలో నల్లనిది కూడా ఒకటి. అంటే నల్లని మేనికి సైతం తనదైన వెలుగు ఉంటుందన్నది శాస్త్రసమ్మతం.

చరకుని ఈ పరీక్ష అందాన్ని తేల్చడానికి కాదు. రోగి బతుకుతాడా లేదా అని నిర్ణయించే అరిష్టలక్షణాల అధ్యాయాలలోనిది. విమానస్థానంలో త్వక్సారుని వర్ణన కూడా అటువంటిదే. స్నిగ్ధంగా, నున్నగా, మెత్తగా, ప్రసన్నంగా, పలుచని రోమాలతో, ప్రభతో ఉండే చర్మం గలవాడు సుఖం, ఆరోగ్యం, దీర్ఘాయువు గలవాడని ఆ వర్ణన సారాంశం. నేటి నాలుగు గ్రాహ్యాంశాలతో దీనిని పోల్చి ‘మనవారు ముందే చెప్పారు’ అనడం తేలిక. ఆ తేలికదనం వల్లనే దానికి నేను దూరంగా ఉంటాను. పోలిక మాటలలో ఉంది, ప్రయోజనంలో లేదు. చరకునికి చర్మం లోపలి స్థితిని చూపే కిటికీ. సౌందర్య వైద్యానికి చర్మమే గమ్యం.

అయితే వర్ణానికీ ప్రభకూ ఉన్న భేదం తెలుగు వాడుకలో చెక్కుచెదరకుండా నిలిచింది. రంగుకు చాయ, వన్నె. వెలుగుకు కళ, నిగారింపు, తేట. ‘నల్లగా ఉన్నా ముఖం కళగా ఉంది’ అన్న వాక్యం ప్రతి ఇంటిలో వినవచ్చు. ‘ఎర్రగా ఉందన్న మాటే గాని ముఖాన కళ లేదు’ అన్నదీ వినవచ్చు. స్పర్శకు నునుపు, గరుకు, బిరుసు. బిగువు, వదులు అన్నవి లాగి చూచి చెప్పేవి. వయస్సుకు ముడతలు, ఎండకు కమలడం, చలికి పగలడం, పనికి కాయ, నడకకు ఆనె. ధ్వన్యనుకరణాలను కూడా లెక్కించవలసిందే. నూనె పూసిన మేను నిగనిగలాడుతుంది, పడుచు మేను మిసమిసలాడుతుంది. ఈ రెండూ ఒకటి కాదని తెలుగువాడికి ఎవరూ నేర్పనక్కరలేదు. సున్నిపిండితో నలుగు పెట్టే తల్లి పరీక్షించేది కూడా రంగును కాదు. మట్టి వదిలిందా, నునుపు తేరిందా అని అరచేతితోనే చూసేది.

చేతితో చూడడం యునానీ వైద్యంలో శాస్త్రంగానే ఉంది. మనిషి మిజాజును, అంటే ప్రకృతిని నిర్ణయించడానికి హకీములు చెప్పే పది లక్షణాలలో మొదటిది మల్మస్, స్పర్శ. చర్మం వేడిగా ఉందా, చల్లగా ఉందా, తడిగా ఉందా, పొడిగా ఉందా అని తాకి తెలుసుకొన్న తరువాతే రంగు మాట వస్తుంది. హైదరాబాదు ఎర్రగడ్డలోని కేంద్ర యునానీ పరిశోధన సంస్థ బొల్లి చికిత్సకు పేరుపొందింది. చర్మవ్యాధులకు ప్రత్యేకించిన జాతీయ సంస్థగా నేడు వ్యవహరింపబడుతున్నది. బొల్లికి యునానీలోనూ ఆయుర్వేదంలోనూ వాడిన ప్రధాన ద్రవ్యాలలో ఒకటి తెలుగువారు బావంచాలు అనే గింజ. ఆ గింజ నుండి చరిత్ర ఊహించని చోటికి సాగింది.

బావంచాలలో ఉన్న సోరాలెన్ చర్మాన్ని సూర్యకాంతికి సుగ్రాహ్యం చేస్తుంది. ఆ కోవకే చెందిన మరొక ద్రవ్యాన్ని లోనికిచ్చి అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేసే ‘పూవా’ చికిత్స అమెరికాలో 1970లలో రూపొందింది. ఎంత కాంతి ఇస్తే కమలకుండా గుణమిస్తుంది అన్న సమస్య వచ్చినప్పుడు హార్వర్డు వైద్యుడు థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ 1975లో చర్మాన్ని వర్గీకరించాడు. అతని ప్రశ్న రంగును గురించి కాదు. ఎండలో నీ చర్మం కమలుతుందా, నల్లబడుతుందా అన్నదే ప్రశ్న. తొలి వర్గీకరణలో 4 తరగతులే ఉన్నాయి, అవన్నీ తెల్లజాతివారివి. గోధుమవర్ణం, నల్లవర్ణం గలవారికి 5, 6 తరగతులు తరువాత చేరాయి. 1988 నాటికి ఆరు తరగతుల పద్ధతి స్థిరపడింది. మందు మోతాదు కోసం పుట్టిన ఈ పట్టిక క్రమంగా చర్మవర్ణానికే కొలబద్ద అయింది. లేజరు తీవ్రత మొదలు సబ్బుల పరీక్ష వరకు అన్నిటికీ ఆధారమైంది. ఫెలిక్స్ ఫాన్ లూషాన్ 36 గాజుబిళ్ళలతో మనుషుల రంగును పోల్చి జాతులను విభజించిన మానవశాస్త్రపు నీడ అలా మళ్ళీ వైద్యంలోకి వచ్చిందనవచ్చు. ఆ నీడను తొలగించే యత్నమే 2022లో ప్రకటితమైన ఎలిస్ మంక్ పది ఛాయల పట్టిక. అయినా అది కూడా రంగు పట్టికే.

అదే 1975లో, కేవలం కాకతాళీయంగా, భారత విపణిలోకి ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది. అంతకు ముందు 1919 నుండి అఫ్గాన్ స్నో ఉంది. తెలుగు ఇళ్ళలో ముఖానికి పూసుకొనే ఏ క్రీమునైనా ‘స్నో’ అనే అలవాటుకు అటువంటి సరుకులే కారణం. మంచు పేరుతో వచ్చిన ఆ పూత తెలుపును సూచించింది గాని వాగ్దానం చేసి కొలవలేదు. 1975 తరువాత ప్రకటన ముఖాన్ని వరుసగా లేతబడే చిత్రాలలో చూపింది. ఎరుపు, పసిమి, చామన, కళ అన్న వేర్వేరు మాటలు ఒకే నిచ్చెన మీది మెట్లయ్యాయి. నిచ్చెన పైమెట్టుకు పేరు తెలుపు. ఎర్రగా ఉండడం స్థానంలో ‘తెల్లగా అవడం’ అన్న క్రియ తెలుగులోకి వచ్చింది. ఉండడం నుండి అవడానికి జరిగిన ఈ మార్పును నేను పదజాల చరిత్రలో పెద్ద మలుపుగా భావిస్తున్నాను. ఉన్న గుణాన్ని వర్ణించే విశేషణం కొనుక్కోదగిన ఫలితంగా మారింది. 2020లో ఆ సరుకు పేరులోని తెలుపు పోయి నిగారింపు వచ్చి గ్లో అండ్ లవ్లీ అయింది. చరకుని ప్రభకు ఆ విధంగా కూడా ప్రచారం దొరికింది!

ఈ మలుపుకు మూల్యం చెల్లించినవి ముఖాలు. కొన్ని చర్మవ్యాధులకు వాడవలసిన స్టెరాయిడ్ పూతమందులను తెల్లబడడానికి ముఖానికి రాసుకొనే అలవాటు దేశమంతటా ప్రబలింది. మొదటి వారాలలో చర్మం నిజంగానే లేతబడుతుంది, నున్నబడుతుంది, మెరుస్తుంది. అంటే చూపుకు అందే అంశాలన్నింటిలోనూ మార్కులు పెరుగుతాయి. తరువాత చర్మం పలుచబడి, ఎర్రని సన్న నరాలు పైకి తేలి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. పూత మానితే మంట. 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాని జాబితాలోకి చేర్చింది. ‘పలుచని చర్మం’ అన్న మాటను నాజూకుకు పర్యాయంగా వాడే మన అలవాటు ఇక్కడ హానికరమైంది. వైద్యుడు చర్మం పలుచబడిందంటే రోగి దానిని మెప్పుగా గ్రహించే ప్రమాదం ఉంది. ‘చివికింది’ అన్న మాట తెలుగులో ఉంది. బట్ట అరిగి నేత బయటపడే స్థితికి వాడే ఆ మాటే ఇక్కడ సరైనది.

బోయిగూడకు దగ్గరనే ముషీరాబాదులో గాంధీ ఆసుపత్రి ఉంది. 1851లో సికింద్రాబాదులో చిన్న వైద్యశాలగా మొదలై, కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ ఆసుపత్రిగా పెరిగి, 1958లో గాంధీ పేరు ధరించి, 2003లో పాత జైలు స్థలంలోని కొత్త భవనాలకు మారింది. అక్కడ చర్మవిభాగానికి డీవీఎల్ అని పేరు. చర్మవ్యాధులు, సుఖవ్యాధులు, కుష్ఠు. మన దేశంలో ఈ మూడూ ఒకే పట్టాలో ఉండడానికి చారిత్రక కారణాలున్నాయి. దండు పట్టణాలలో సైనికుల ఆరోగ్యం పేరిట 1864 నుండి చట్టబద్ధంగా జరిగిన స్త్రీల దేహపరీక్షలు ఒక కారణం. కుష్ఠు మరొకటి. చర్మపరీక్ష అంటే అనుమానించి చూడడం అన్న భయం ఆ కాలపు శేషమే. పెద్దరోగం అని పేరు మార్చి చెప్పుకొన్న కుష్ఠును గుర్తించడంలో రంగు ఎంత ముఖ్యమో స్పర్శ అంతకన్నా ముఖ్యం. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ 1915లో స్థాపించిన కుష్ఠు వైద్యశాల చాల్‌మూగ్రా నూనె సూదిమందుకు ప్రసిద్ధి చెందింది. ఆ వ్యాధిని పట్టుకొనే పద్ధతి చాలా సాదా. కళ్ళు మూసుకొమ్మని మచ్చ మీద దూది కొసతో తాకి, తెలిసిందా అని అడగడం. జాతీయ కార్యక్రమం గోడల మీద రాయించిన ‘స్పర్శ లేని మచ్చ’ అనే మూడు మాటలు తెలుగు వైద్యపరిభాషలో అత్యంత విజయవంతమైన నిర్మాణాలలో ఒకటని నా నమ్మకం. చదువు రానివారికి చదివి వినిపించినా రోగనిర్ధారణ జరిగిపోతుంది. అందులో రంగు పేరు లేదు. చర్మం కనిపించడమే గాక అనుభవిస్తుందన్న జ్ఞానం ఉంది. సౌందర్య చర్మవైద్యపు నాలుగు అంశాలలో ఐదవదిగా ఈ అనుభవానికి చోటు లేకపోవడం నాకు కొరతగానే తోస్తున్నది. తేమను, సాగుడును కొలిచే యంత్రాలు వచ్చాయి. దురద, మంట, తిమ్మిరి మాత్రం రోగి నోటితో చెప్పవలసినవే.

ఇక ఆ నోటి మాట దగ్గరకు వద్దాం. ఫిట్జ్‌ప్యాట్రిక్ ప్రశ్నను తెలుగులో ‘ఎండకు కమలుతుందా, నల్లబడుతుందా?’ అని అనువదిస్తే వ్యాకరణదోషం లేదు, అర్థదోషం ఉంది. తెల్లజాతివారి చర్మం ఎండకు ఎర్రబడి బొబ్బలెక్కితే అది కమలడం. మనవారు ‘ఎండకు కమిలిపోయాడు’ అంటే నల్లబడ్డాడనే అర్థం. రెండు వికల్పాలూ ఒకటే అయినప్పుడు రోగి ఏది చెప్పినా పట్టికలో తప్పు గడి నిండుతుంది. గడి తప్పితే లేజరు తీవ్రత తప్పుతుంది. మన చర్మాలలో ఎక్కువభాగం పడే 4, 5 తరగతులలో గాయం మానిన చోట నల్లమచ్చ మిగిలే స్వభావం బలమైనది. మచ్చ పోగొట్టుకోవడానికి వచ్చినవారికి కొత్త మచ్చ పడుతుంది. కాబట్టి ప్రశ్నను అనువదించక, తెలుగు అనుభవం నుండి నిర్మించుకోవాలి. ఎండలో తిరిగితే మంట పుడుతుందా, మంట లేకుండానే రంగు మారుతుందా? దోమకాటో, మొటిమో మానిన చోట నల్లమచ్చ ఎన్ని నెలలుంటుంది? ముఖానికి ఇదివరకు ఏ పూత రాశారు, మానితే మంట పుట్టిందా? ఈ మూడు ప్రశ్నలలో ఏ ఒక్కటీ రోగిని నల్లనివాడని గాని తెల్లనివాడని గాని పిలవదు.

నాలుగవ ప్రశ్న ఒకటి చేర్చాలి. అది పాతది. ఇటలీ వైద్యుడు రమజ్జీని 1700లో వృత్తివ్యాధుల మీద రాసిన గ్రంథంలో, రోగిని అడగవలసిన ప్రశ్నలకు దానిని జోడించాడు: మీరు ఏ పని చేస్తారు? బోయిగూడ అడితీలో దుంగలు మోసే మనిషి భుజం మీది కాయను చూచినప్పుడు మందు రాయడానికి ముందు అడగవలసిన ప్రశ్న అదే. కాయను కరిగించే పూతలు ఉన్నాయి. పూత రాసి, కాయ కరిగి, భుజం నున్నబడిన మరునాడు అతడు మళ్ళీ దుంగ ఎత్తుకుంటాడు.